సైనస్ గోలీ వెనక ఒక భీమవరం మనిషి: ఎల్లాప్రగడ సుబ్బారావు

బేతంచెర్లలో రాయి కోసే యూనిట్లలో పనిచేసేవాళ్లని, ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ములో తిరిగేవాళ్లని, మంగంపేట ముగ్గురాయి లారీలు తోలేవాళ్లని అడిగి చూడండి. ముక్కు ఒక పక్క మూసుకునే ఉంటుంది. నుదురు బరువు, వంగితే కళ్ల కింద నొప్పి. మన పెద్దవాళ్లు నజ్లా అంటారు, పక్కింటివాళ్లు పడిశం అంటారు, డాక్టరు సైనస్ అంటాడు. ఇంట్లో ముందు ఆవిరి పడతారు, వేడినీళ్లలో నాలుగు చుక్కలు జిందా తిలిస్మాత్ వేసుకుంటారు. దానికీ లొంగకపోతే మెడికల్ షాపు. అక్కడ చీటీ లేకుండానే చేతిలో పడే గోలీల్లో డాక్సీసైక్లిన్ ఒకటి.

ఆ గోలీ వంశం మొదలైన ల్యాబుకి పెద్దగా ఉన్నది ఒక తెలుగువాడు. ఆయనే ఎల్లాప్రగడ సుబ్బారావు. పేరు స్కూలు పుస్తకాల్లో విని ఉంటాం, అంతకుమించి మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోవాల్సిన మనిషి.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో ఏడుగురు పిల్లలు, చాలీచాలని సంపాదన. చిన్నప్పుడు చదువు మీద మనసు లేదు. కాశీ పోయి యాత్రికులకి అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిస్తానని ఇల్లు వదిలి పారిపోయారని, దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారని చెబుతారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. కొడుకు చదువు కోసం తల్లి పడిన పాట్లు అన్నీఇన్నీ కావు.

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. అవి గాంధీగారి పిలుపుతో ఖద్దరు కట్టే రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు బట్టలతోనే వెళ్లారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. ఎంబీబీఎస్ రావాల్సిన చోట ఎల్ఎంఎస్ అనే తక్కువ డిగ్రీ చేతికొచ్చింది. ఆ ఒక్క కాగితం ఆయన్ని ఎంత దూరం వెంటాడిందో ముందు చూస్తారు.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు, రక్తం క్షీణించిపోవడం. అదే జబ్బు ఈయనకీ వచ్చింది. డాక్టరు ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో కోలుకున్నారు. దాంతో ఆ మందులో పనిచేసింది ఏమిటి అన్న ప్రశ్న మనసులో పడింది. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో కొంతకాలం పాఠాలు చెప్పారు. హకీం గారి మందు తగ్గించింది అని మనం అక్కడితో ఆగిపోతాం చూడండి, ఆయన అక్కడే మొదలుపెట్టారు.

మామగారు, స్నేహితులు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేస్తే అమెరికా ఓడెక్కారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనేలేదు.

బోస్టన్‌లో ఎల్ఎంఎస్ డిగ్రీని ఎవరూ లెక్కచేయలేదు. డాక్టరుగా పనిచేసే వీల్లేక ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌ప్యాన్‌లు ఎత్తే పని చేసుకుంటూ హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చదివారు. ఆ తర్వాత సైరస్ ఫిస్క్ ల్యాబులో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే చదువుతారు. కండరాలకి శక్తినిచ్చే ఏటీపీని బయటపెట్టినవాళ్లలో కూడా ఆయన ఒకరు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీలో చేరారు. రెండేళ్లలో పరిశోధన మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. ఇక అక్కడినుంచి ఎనిమిదేళ్లలో జరిగిన పని చూస్తే ఒక మనిషి వల్ల అవుతుందా అనిపిస్తుంది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి మందుగా పనికొచ్చిన ఫోలిక్ యాసిడ్‌ని 1945కల్లా ఆయన బృందం ల్యాబులో తయారుచేసింది. గర్భిణులకి ఏఎన్ఎం అక్క ఇచ్చే ఐరన్ గోలీలో ఉండేది అదే. ఫోలిక్ యాసిడ్‌కి ఎదురుగా పనిచేసే మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్ మీద వాడి చూశారు, కీమోథెరపీ దారి అక్కడ తెరుచుకుంది. బోదకాలు గోలీ హెట్రజాన్ కూడా ఆ ల్యాబుదే.

ఇప్పుడు ముక్కు దగ్గరికి వద్దాం.

అప్పటికి పెన్సిలిన్ ఉంది, స్ట్రెప్టోమైసిన్ ఉంది. రెండూ కొన్ని రకాల క్రిముల మీదే పనిచేసేవి. ఎక్కువ రకాల్ని చంపేది, నోటితో మింగగలిగేది కావాలని సుబ్బారావు మట్టిలో వెతికించడం మొదలుపెట్టారు. ఆ పని బెంజమిన్ డగ్గర్ చేతిలో పెట్టారు. యూనివర్సిటీలో రిటైరై, డెబ్బై దాటిన మొక్కల శాస్త్రవేత్త ఆయన. ఆ వయసువాడికి కొత్త ఉద్యోగం ఎవరిస్తారు చెప్పండి? దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించారు. 1945లో మిస్సోరీ యూనివర్సిటీకి చెందిన శాన్‌బార్న్ ఫీల్డ్ అనే పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగులో, బూజులా పెరిగే సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి తీసిన మందుకి లాటిన్‌లో బంగారం అర్థం వచ్చేలా ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది అదే. తర్వాత వేరే కంపెనీలో శాస్త్రవేత్తలు దాన్ని మార్చి టెట్రాసైక్లిన్ తయారుచేశారు, 1960లలో అదే జాతిలో డాక్సీసైక్లిన్ వచ్చింది. మన షాపులో దొరికే గోలీ ఆ రెండో తరానిది.

కానీ దీర్ఘకాలిక సైనస్ గురించి ఈమధ్య పరిశోధకులు తెలుసుకున్నది వేరే సంగతి. పన్నెండు వారాలు దాటి ఉండే సైనస్ చాలామందిలో కేవలం క్రిముల జబ్బు కాదు. లోపలి పొర వాచి వాచి ఉండిపోవడం. కొందరికి ముక్కులో ద్రాక్షపండులాంటి పాలిప్స్ పెరుగుతాయి. బెల్జియంలోని ఘెంట్ పరిశోధకుల నాయకత్వంలో 2010లో ఒక అధ్యయనం వచ్చింది. పాలిప్స్ ఉన్న 47 మందిని మూడు గుంపులు చేసి ఒకరికి స్టెరాయిడ్ గోలీలు, ఒకరికి డాక్సీసైక్లిన్, ఒకరికి ఉత్తుత్తి గోలీ ఇరవై రోజులు ఇచ్చారు. స్టెరాయిడ్‌తో పాలిప్స్ బాగా తగ్గాయి, కానీ ఎనిమిది వారాల తర్వాత ఆ ప్రభావం పోయింది. డాక్సీసైక్లిన్‌తో తగ్గింది కొంచెమే, కానీ పన్నెండు వారాలు నిలిచింది. క్రిముల్ని చంపడం ఒక్కటే కాకుండా వాపుని పెంచే పదార్థాల్ని కూడా తగ్గించింది. బంగారు బూజు మనవడు ఇలాంటి పని చేస్తాడని 1948లో ఎవరనుకున్నారు?

దీన్ని చదివి షాపుకి పరుగెత్తొద్దు. ఆ తర్వాతి అధ్యయనాలు అంత లాభం చూపించలేదు, అందరికీ రివాజుగా వాడమని యూరప్ నిపుణులు చెప్పలేదు. మామూలు జలుబు వైరస్‌తో వస్తుంది, దానికి యాంటీబయాటిక్ ఎందుకూ పనికిరాదు. మూడు రోజులు మింగి మానేస్తే క్రిములు మందుకి అలవాటుపడతాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి డాక్సీసైక్లిన్ మామూలుగా ఇవ్వరు, ఎందుకంటే ఈ జాతి మందులు ఎదిగే పళ్లని పసుపు రంగుకి మార్చేస్తాయి. దీర్ఘకాలిక సైనస్‌కి ముందు చెప్పేవి ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, స్టెరాయిడ్ స్ప్రే. వుజూలో ముక్కులోకి నీళ్లు ఎక్కించుకోవడం మనకి రోజూ ఉన్న అలవాటే కాబట్టి ఉప్పునీళ్లు కష్టం అనిపించదు, కాకపోతే దానికి కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. రాయి దుమ్ములో పనిచేసేవాళ్లు మాస్క్ లేకుండా ఎన్ని గోలీలు మింగినా ఒకటే. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో ఈఎన్‌టీ డాక్టర్లున్నారు, వారాల తరబడి తగ్గకపోతే అక్కడ చూపించుకోవాలి.

మళ్లీ సుబ్బారావు దగ్గరికి. ఆరియోమైసిన్ సంగతి 1948 జులైలో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల సభలో బయటపెట్టారు. పేరు డగ్గర్‌కి వచ్చింది, అది న్యాయమే, వెతికింది ఆయన. వెతకమన్నవాడు వెనక్కే ఉన్నారు. తన ల్యాబులో తయారైనవాటిని తన పేరు మీద రాసుకునే అలవాటు ఆయనకి లేదు. పత్రికలవాళ్లకీ దొరికే మనిషి కాదు.

అప్పటికి వయసు 53. అమెరికా వెళ్లి పాతికేళ్లు. 1946లో చట్టం మారి భారతీయులు అక్కడ పౌరులయ్యే వీలు వచ్చింది, అయినా ఆయన పౌరసత్వం తీసుకోలేదు. ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. ఆగస్టు 9న న్యూయార్క్‌లో తన గదిలో చనిపోయి కనిపించారు, గుండెపోటు అన్నారు. ఆరియోమైసిన్‌కి ప్రభుత్వ అనుమతి వచ్చింది ఆ డిసెంబరులో. ఇక్కడ శేషగిరి మాత్రం 1920లలో ఓడెక్కి వెళ్లిన భర్తని మళ్లీ చూడలేదు.