కర్మవీర భావురావు పాటీలుగారి చరిత్రము

మహారాష్ట్రదేశమున రైతుబిడ్డల పాలిటి విద్యాదాత యని పేరుగాంచిన భావురావు పాటీలుగారి చరిత్రము మన తెలుగునాట అంతగా ప్రచారమునకు రాలేదు. మహాత్మ ఫూలేగారి పేరెరిగినవారిలో సయితము వీరి నెరిగినవారు కొలదిమందియే. ఈ సంచికకు ఒక పెద్దమనిషి జీవితము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరినపుడు, మన కులమున బుట్టినవారినే మేమెన్నుకొందుమని వారు తలచియుందురు. ఆ పనిని మాకంటె సమర్థులు చేసియున్నారు. తన కులమువారి వసతిగృహమునుండి వెడలగొట్టబడి, పిమ్మట సర్వకులముల బాలురకును ఒక్క కప్పుక్రింద అన్నము పెట్టిన వీరి చరిత్రము, వసతిగృహము నడపుచున్న మనకు మిక్కిలి దగ్గరదని తోచి దీనికి పూనుకొంటిమి. చదువరులు మన్నింతురుగాక.

భావురావుగారు 1887వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన కొల్హాపుర సంస్థానములోని కుంభోజు గ్రామమున దిగంబర జైనకుటుంబమున జన్మించిరి. తండ్రి పాయగొండ పాటీలు, తల్లి గంగాబాయి. స్వగ్రామము నేటి సాంగ్లీ జిల్లాలోని ఐతవడె. తండ్రి రెవిన్యూశాఖలో చిన్న యుద్యోగి. ఆచారమునందును శుచినియమములయందును జైనగృహములు ఎవరికిని తీసిపోవు. అట్టి యింట బెరుగుచునే ఆ బాలుడు, దూరముగ నుంచబడిన కుటుంబముల పిల్లలతో ఆడుకొనెడివాడు. ఒక యూర అంటరానివారని స్త్రీలను బావికడకు రానీయకుండుట చూచి, నీరుతోడు గిలకను విరుగగొట్టెనని ఆ దేశమున నేటికిని చెప్పుకొందురు.

1902లో చదువునకై కొల్హాపురము జేరి, రాజారామ ఉన్నతపాఠశాలలో ప్రవేశించిరి. ఆ కాలమున కొల్హాపురమును పాలించుచుండినవారు శాహూ మహారాజుగారు. గ్రామములనుండి వచ్చు బీద విద్యార్థులకు నిలువ నీడలేమి గుర్తించి, ఆ ప్రభువు ఒక్కొక్క కులమువారిని ప్రోత్సహించి వేర్వేరు వసతిగృహములు పెట్టించెను. 1901 మొదలుకొని మరాఠాలకొకటి, జైనులకొకటి, మహమ్మదీయులకొకటి, ఇట్లు కొల్హాపురమున వసతిగృహములు బయలుదేరినవి. కులసంఘముల విద్యార్థిగృహములను తలచుకొన్నపుడెల్ల మాకు ఆ నగరమే జ్ఞప్తికి వచ్చును. భావురావుగారు జైనుల వసతిగృహమున నుండిరి. చదువున వారు గట్టివారు కారు. గణితోపాధ్యాయుడు, మహారాజుగారు సిఫారసు చేసినను, ఆ బాలుడు కూర్చున్న బల్లనైన పైతరగతికి బంపుదునుగాని బాలుని బంపజాలనని తెగేసి చెప్పెనని యొక కథ కలదు. ఉపాధ్యాయవృత్తిలో ముప్పదియేడేండ్లు గడపిన మాకు ఆ గణితోపాధ్యాయునిపై కోపము రాకపోగా గౌరవమే కలుగుచున్నది. మహారాజు మాటకును వెరవని మార్కులవి.

1908లో అంటరానివారి బాలురకై ఒక వసతిగృహము తెరవబడినది. బొంబాయి గవర్నరుగారి కుమార్తె పేర దానికి మిస్ క్లార్కు వసతిగృహమని పేరిడిరి. ఆ ప్రారంభోత్సవమునకు భావురావుగారు వెళ్లివచ్చిరి. మరలివచ్చినంతనే జైన వసతిగృహమువారు, స్నానము చేసినగాని లోనికి రారాదనిరి. భావురావుగారు స్నానము చేయ నిరాకరించిరి. వసతిగృహమువారు వారిని వెడలగొట్టిరి.

ఈ ఘట్టమును మేము పలుమారులు తలపోసితిమి. వసతిగృహమువారు దుర్మార్గులు కారు. తమ కులములోని బీదపిల్లలు చదువుకొనవలెనని చందాలు వేసికొని కూడు పెట్టినవారు. స్నానము చేయుమనుట వారికి దండనగా దోచలేదు. ఇంట తల్లి చెప్పు మాటయే వారును చెప్పిరి. ఇంటనున్న నియమమునే వసతిగృహమును పాటించెను, పాఠశాల చూచి యూరకుండెను. ఈ మూడును కలిసి ఒక్కమాట చెప్పుచుండగా, పిల్లవానికి మరియొక మాట ఎవరు చెప్పవలెను?

వెడలగొట్టబడిన భావురావుగారికి శాహూ మహారాజుగారు ఆశ్రయమిచ్చిరి. మహారాజుగారి సాంగత్యమున వారు నేర్చుకొన్నది బడిలో నేర్చిన చదువునకు ఎన్నిరెట్లో అధికము. ఇచట నొక విశేషము చెప్పవలసియున్నది. 1914లో కొల్హాపురమున ఎడ్వర్డు చక్రవర్తి విగ్రహమునకు ఎవరో తారు పూసిరి. జైనవిద్యాసంస్థలకు పెద్దదిక్కుగా నుండిన అణ్ణాసాహెబు లఠ్ఠేగారిపై ఆ నేరము మోపుటకు ప్రయత్నము జరిగి, వారికి విరుద్ధముగ సాక్ష్యమిమ్మని భావురావుగారిని నిర్బంధించిరి. తనను వెళ్లగొట్టిన సంస్థకు పెద్దయైన వానిపై కక్ష తీర్చుకొనుటకు అంతకంటె అనువగు సమయము దొరకదు. భావురావుగారు అబద్ధసాక్ష్యము చెప్పక చెరసాల కష్టములను సహించిరి. కులద్వేషమును రూపుమాపదలచినవాడు వ్యక్తిద్వేషమునకు లోబడలేదు.

ఉపాధ్యాయత్వమును, ఆపై ఓగలేవారి గాజు సామానులు, కిర్లోస్కరువారి యినుపనాగళ్లు అమ్ము వ్యాపారమును చేయుచు వారు పల్లెపల్లెయు తిరిగిరి. అంతకుముందే 1910లో దుధ్‌గావ్ గ్రామమున మిత్రులతో గూడి విద్యార్థులకొక ఆశ్రమము స్థాపించియుండిరి. నాగళ్లు అమ్ముటకై తిరిగిన తిరుగుడే వారికి గొప్ప చదువైనది. ఏయూర బడియున్నది, ఏయూర లేదు, ఉన్నచోట ఎవరి బిడ్డలు లోపల కూర్చుండిరి, ఎవరి బిడ్డలు వాకిట కూర్చుండిరి, కన్నులార చూచిరి. ఒకచోట తరగతి వెలుపల కూర్చుండి పాఠము వినుచుండిన జ్ఞానదేవ ఘోలపు అను బాలుని వెంటబెట్టుకొని కొల్హాపురము తెచ్చి, ఏ వసతిగృహపు ఉత్సవమునకు బోయినందులకు తాము వెడలగొట్టబడిరో ఆ వసతిగృహముననే చేర్పించిరి. ఆ ఘోలపుగారే కాలక్రమమున బొంబాయి శాసనసభలో గూర్చుండిరి.

1919 అక్టోబరున కరాడు సమీపమందలి కాలే గ్రామమున సత్యశోధక సమాజ సభ జరిగినది. ఆ సందర్భమున భావురావుగారు రయత్ శిక్షణ సంస్థను స్థాపించిరి. రయత్ అనునదియు మన రైతు శబ్దమును ఒక్క మూలమునుండి వచ్చినవే. అచట దానికి ప్రజ యను అర్థమును గలదు. 1924లో సంస్థను సతారా నగరమునకు మార్చి, అచట అన్ని కులముల విద్యార్థులకును కలిపి ఒక్క వసతిగృహము తెరచిరి. మరాఠా, జైన, మహమ్మదీయ, మహార, మాంగు బాలురు ఒక్క పంక్తిని భుజించి, ఒక్క చోట పండుకొని, వంతులవారీగ వంటచేసి, పిండి విసరి, తోటపని చేసి, రాళ్లుగొట్టి, తమ చదువునకు దామే సంపాదించుకొనిరి.

పంక్తిభోజనమనునది చెప్పుట సులభము. మేమొకప్పుడు ఒక చిన్నపట్టణమున పాఠశాలకు అనుబంధమైన వసతిగృహమును చూచుచుంటిమి. 1987వ సంవత్సరమది. ఎనిమిదవ తరగతి బాలుడొకడు, ప్రక్కన గూర్చున్న బాలుని జూచి, తన కంచము తీసికొని దూరముగ బోయి గూర్చుండెను. మేము అందరి యెదుట వానిని మందలించి, ఆ ప్రక్కనే కూర్చుండి తినుమని నిర్బంధించితిమి. గొప్ప సంస్కారకార్యము చేసితిమని యా రాత్రి సంతోషించితిమి గూడ. వారము తిరుగకముందే తండ్రి వచ్చి బాలుని దీసికొనిపోయెను. ఆ బాలుడు మరల ఏ బడికిని బోలేదు. కొన్నాళ్లకు వానియూరు వెళ్లి విచారించితిమి. సెలవులకు వచ్చినపుడెల్ల నాయనమ్మ వానిని, ఎవరి ప్రక్కన గూర్చుంటివని అడిగి, గుమ్మముబయట నీళ్లు పోసి లోనికి రానిచ్చెడిదట. మేము దండించినది బాలుని. పాఠము చెప్పవలసినది ఆ గుమ్మమునకు. ముందుగా ఆ యింటికి బోవలెనని మాకప్పుడు తోపలేదు.

భావురావుగారికి తోచినది. వారు మార్చిన మొదటి యిల్లు తమ సొంతయిల్లే. వారి ధర్మపత్ని లక్ష్మీబాయి కలిగినయింట, ఆచారమెరిగిన యింట బుట్టి పెరిగినది. మొదట ఆమెకీ పిల్లల రాక కష్టముగనే యుండెను. మడియు తడియు విడుచుట ఎవరికిని ఒక్కనాటి పనికాదు. దానిని విడుచుటకు ఆమెను ఉపన్యాసములు ప్రేరేపించియుండవని మా నమ్మకము. ఆకలిగొని వచ్చిన పిల్లవానికి అన్నము పెట్టుట అలవాటైన చేయి, రెండవనాడు వాని కులమడుగ మరచును. క్రమముగ ఆమె ఆ పిల్లలందరికిని తల్లియైనది. జబ్బుపడిన వానికి సేవచేసెను, అలిగినవానిని బుజ్జగించెను. ధాన్యము లేనప్పుడు పుట్టింటివారు పెట్టిన బంగారు నగలొక్కొక్కటియే తీసియిచ్చెను. నగలు ముగిసినపిదప ఒకనాడు పిల్లలకు అన్నము లేకపోగా మంగళసూత్రమును సయితము ఇచ్చివేసెను. సుమంగళి మెడనుండి ఆ సూత్రమును దీయుటన నేమో మన గృహములలోని స్త్రీలకు మేము వివరింప నక్కరలేదు. ఏ శుభాశుభముల భయముచేత ఇండ్లలో అంటును ముట్టును నిలిచియున్నవో ఆ భయములలోకెల్ల పెద్దదానిని ఆమె దాటినది. 1930లో ఆమె గతించెను.

ఇక ఊళ్లలోని యిండ్లు. భావురావుగారు ధనికుల చందాలను కాదనలేదుగాని వానినే నమ్ముకొనలేదు. ప్రతిగృహిణియు వంటకు ధాన్యము దీయునపుడు ఒక పిడికెడు వేరుగనుంచి వసతిగృహమునకు ఇచ్చు పద్ధతిని బెట్టిరి. దానికి ముష్టినిధి యని పేరు. సంస్కృతమున ముష్టి యనగా పిడికిలి. మన తెలుగున ఆ మాట యాచనకు దిగజారినది. ఇది యాచన కాదు. ఏ యింటినుండి పిడికెడు గింజలు దినదినమును బడికి బోవునో ఆ యింటివారికి బడి పరాయిది కానేరదు. పైగా, పలుకులముల యిండ్ల జొన్నలు ఒక్క గోతమున బడినపిదప ఎవరి పిడికెడు ఏదియో చెప్పుట బ్రహ్మకైన తరముకాదు. ఆ జొన్నలు విసరి చేసిన రొట్టెను అందరి బిడ్డలును తినిరి. గృహస్థు సభలో ఒప్పుకొనజాలని సంగతిని ఈ విధమున అతని ధాన్యము ముందుగనే ఒప్పుకొనెను. ఇంతకంటె మెలకువగల ఉపాయమును మేమెరుగము.

1927లో గాంధీమహాత్ములు సతారాకు వచ్చి ఈ వసతిగృహమును దర్శించి, దానికి శాహూ ఛత్రపతి పేరుపెట్టిరి. 1933 మొదలు హరిజన సేవకసంఘమునుండి కొంత సాయమందినది. కాని విద్యార్థులెంత మారినను, పల్లెలో పాఠము చెప్పు పంతులు మారనిచో వాకిట గూర్చున్న బాలుడు వాకిటనే యుండును. ఈ సంగతి నెరిగి భావురావుగారు 1935లో సతారాయందు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను స్థాపించిరి. ఒక్క పంక్తిని దినుట కలవాటుపడిన యువకులు ఉపాధ్యాయులై పల్లెలకు వెళ్లిరి. గ్రామస్థులు చోటు చూపగా, చావడిలోనో గుడిమంటపముననో బడి ప్రారంభమగుచుండెను. ఇట్టి స్వచ్ఛంద పాఠశాలలు వందలకొలది వెలసినవి. 1940లో మహారాజా సయాజీరావుగారి పేర ఉన్నతపాఠశాల, 1947లో శివాజీ ఛత్రపతి పేర కళాశాల సతారాలో నెలకొన్నవి. సంస్థకు చిహ్నము మర్రిచెట్టు.

1948లో భావురావుగారు ప్రభుత్వమును విమర్శించిరని బొంబాయి ప్రభుత్వమువారు సంస్థకు ధనసహాయమును నిలిపివేసిరి. ఉపాధ్యాయుల జీతములకే కటకటయైన ఆ దినములలో సంస్థను నిలిపినవారు పల్లెవాసులే. తరువాత ప్రభుత్వమువారు ఆ సహాయమును పునరుద్ధరించిరి. ఒకప్పుడు పిడికెడుగా వచ్చినది ఆ కష్టకాలమున బస్తాలుగా వచ్చియుండునని మేమూహింతుము.

నేలపై నూలుపోసిన తెల్లని గడ్డముతో, ఖద్దరు గట్టి, ఊరూర తిరుగు ఆ వృద్ధుని ప్రజలు కర్మవీరుడని పిలిచిరి. పైతరగతికి బోదగడని గణితోపాధ్యాయుడు నిలిపిన ఆ విద్యార్థికి 1959లో పూనా విశ్వవిద్యాలయము డాక్టరు బిరుదమిచ్చెను. ఆ సంవత్సరమే భారతప్రభుత్వము పద్మభూషణ బిరుదమిచ్చి గౌరవించినది. ఆ 1959వ సంవత్సరము మే 9వ తేదీన వారు పూనాలో కాలధర్మము నొందిరి. లక్ష్మీబాయి గతించి అప్పటికి ఇరువదితొమ్మిదేండ్లు. ఆమె వండిపెట్టగా దిని పెరిగిన బాలురు ఎందరో అప్పటికే జుట్టు నెరసిన ఉపాధ్యాయులై, తమ తరగతులలో పిల్లలను ఒక్క వరుసను గూర్చుండబెట్టి పాఠములు చెప్పుచుండిరి.