విలియం హెచ్. ప్రెస్కాట్

విలియం హిక్లింగ్ ప్రెస్కాట్ (1796 మే 4 – 1859 జనవరి 28) అమెరికాకు చెందిన చరిత్రకారుడు. స్పెయిన్ చరిత్ర, మెక్సికో, పెరూ దేశాలను స్పెయిన్ జయించిన వృత్తాంతం ఇతడి గ్రంథాల ప్రధాన విషయాలు. కళాశాలలో ఉండగానే ఒక కన్ను పూర్తిగా కోల్పోయి, రెండవ కన్ను కూడా దెబ్బతిన్న స్థితిలో, ఇతరుల చేత చదివించుకుని వింటూ ఈ రచనలు చేశాడు. అమెరికాలో స్థాపించబడిన తొలి అంధుల పాఠశాల ధర్మకర్తలలో ఇతడొకడు.

బాల్యము, విద్య

ప్రెస్కాట్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం పట్టణంలో జన్మించాడు. తండ్రి పేరుపొందిన న్యాయవాది. పితామహుడు కల్నల్ విలియం ప్రెస్కాట్ 1775లో బంకర్ హిల్ యుద్ధంలో అమెరికా సేనను నడిపించాడు. 1808లో కుటుంబం బోస్టన్ నగరానికి తరలివచ్చింది. 1811లో ప్రెస్కాట్ హార్వర్డ్ కళాశాలలో చేరాడు.

అక్కడి భోజనశాలలో ఒకనాడు విద్యార్థులు అల్లరి చేస్తుండగా, ఎవరో విసిరిన గట్టి రొట్టెముక్క ఇతడి ఎడమ కంటికి తగిలింది. ఆ కంటిచూపు మళ్ళీ రాలేదు. అయినా చదువు కొనసాగించి 1814లో పట్టభద్రుడయ్యాడు. స్నాతకోత్సవంలో ఆశను గురించి తాను లాటిన్‌లో రచించిన పద్యాన్ని చదివాడు.

మరుసటి సంవత్సరం కుడి కన్ను కూడా తీవ్రమైన వాపుకు గురైంది. అజోర్స్ దీవులలో అమెరికా కాన్సుల్‌గా ఉన్న మాతామహుని ఇంటికి వెళ్ళినపుడు వ్యాధి తిరగబెట్టడంతో చాలాకాలం చీకటిగదిలోనే గడపవలసి వచ్చింది. 1816లో లండన్ వైద్యులు ఎడమ కన్ను బాగుపడే అవకాశం లేదని తేల్చారు. కుడి కంటిచూపు అప్పటినుండి జీవితాంతం హెచ్చుతగ్గులకు లోనవుతూ ఉండేది. దీనితో తండ్రి వలె న్యాయవాద వృత్తిని చేపట్టాలన్న ఆలోచనను విరమించుకున్నాడు.

స్పానిష్ సాహిత్య అధ్యయనం

1820లో సుసాన్ ఎమొరీని వివాహం చేసుకున్న తరువాత ప్రెస్కాట్ సాహిత్య పఠనానికి పూనుకున్నాడు. ఫ్రెంచి, ఇటాలియన్ సాహిత్యాలను చదివి, జర్మన్ నేర్చుకోవడానికి ప్రయత్నించాడు. కంటికి ఆ శ్రమ మించినదని గ్రహించి మానుకున్నాడు.

ఇతడి మిత్రుడు జార్జ్ టిక్నర్ అప్పట్లో హార్వర్డ్‌లో ఫ్రెంచి, స్పానిష్ సాహిత్యాల ఆచార్యుడు. ప్రెస్కాట్ నిరుత్సాహాన్ని గమనించిన టిక్నర్, తాను కళాశాల విద్యార్థుల కొరకు రచించిన స్పానిష్ సాహిత్య ఉపన్యాసాలను 1824 శరత్కాలంలో ఇతడికి చదివి వినిపించాడు. కాలక్షేపంగా మొదలైన ఈ శ్రవణం జీవిత లక్ష్యంగా మారింది. ఆ సంవత్సరం డిసెంబరులో స్పానిష్ నేర్చుకోవడం ప్రారంభించి, 1826లో స్పెయిన్ పాలకులైన ఫెర్డినాండ్, ఇసబెల్లాల చరిత్రను రచించాలని నిశ్చయించుకున్నాడు.

రచనా విధానం

మొదట దొరికిన చదువరికి స్పానిష్ భాష రాదు. ప్రెస్కాట్ అతనికి ఉచ్చారణ మాత్రం నేర్పి, మరియానా రచించిన ఏడు సంపుటాల స్పెయిన్ చరిత్రను చదివించుకున్నాడు. చదివేవాడికి అర్థం తెలియదు, వినేవాడికి అక్షరాలు కనబడవు. ఆ తరువాత భాష తెలిసిన కార్యదర్శులు లభించడంతో పని సులువైంది.

వ్రాయడానికి లండన్‌లో కొన్న నాక్టోగ్రాఫ్ అనే సాధనాన్ని వాడేవాడు. ఇది కాగితమంత చట్రం. పంక్తులకు హద్దులుగా దీనికి అడ్డంగా ఇత్తడి తీగలు, అడుగున కార్బన్ కాగితం ఉంటాయి. తీగల నడుమ దంతపు మొనతో గీస్తే క్రింది తెల్లకాగితంపై అక్షరాలు పడతాయి. కలంలో సిరా అయిపోయిందేమో, ఒక పంక్తి మరొకదానిపై పడిందేమో అన్న బెంగ ఉండదు. ఈ సాధనం మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీకి చేరింది.

విన్న విషయాలను నెమరువేసుకుని, అధ్యాయాన్ని మనసులోనే కూర్చి, నడకలోను గుర్రపుస్వారీలోను పలుమార్లు మననం చేసిన పిదప వ్రాసేవాడు. అచ్చులో దాదాపు 60 పుటలయ్యే విషయాన్ని ఇలా జ్ఞాపకం ఉంచుకోగలిగేవాడు.

ప్రధాన రచనలు

ఫెర్డినాండ్, ఇసబెల్లాల పాలనా చరిత్ర 1837 చివరలో మూడు సంపుటాలుగా వెలువడి అమెరికాలోను ఐరోపాలోను మంచి పేరు తెచ్చింది. తరువాత మెక్సికో విజయ చరిత్ర (1843), పెరూ విజయ చరిత్ర (1847) ప్రచురితమయ్యాయి. ప్రెస్కాట్ స్పెయిన్‌ను గాని, మెక్సికో, పెరూ దేశాలను గాని ఎన్నడూ దర్శించలేదు. పస్కువల్ దె గయాంగోస్ వంటి స్పెయిన్ పండితులు వ్రాతప్రతుల నకళ్ళు సేకరించి పంపేవారు. లూకాస్ అలమాన్ వ్యాఖ్యలతో మెక్సికో విజయ చరిత్రకు 1844లో మెక్సికోలోనే స్పానిష్ అనువాదం వెలువడడం ప్రారంభమైంది. రెండవ ఫిలిప్ చరిత్ర మూడు సంపుటాల వద్ద అసంపూర్తిగా నిలిచిపోయింది.

ఆధారాలను పాదసూచికలలో వివరంగా చూపడం ఇతడి గ్రంథాల విశిష్టత. అయితే స్పానిష్ వృత్తాంతకారుల దృష్టికే ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చాడనే విమర్శ ఉంది. పురావస్తు పరిశోధనలు, మెక్సికో స్థానికుల నహువాటల్ భాషలోని ఆధారాలు వెలుగులోకి వచ్చాక ఇతడి అభిప్రాయాలు కొన్ని సవరించబడ్డాయి.

అంధుల విద్య

జాన్ డిక్స్ ఫిషర్ అనే వైద్యుని కృషితో 1829లో మసాచుసెట్స్ శాసనసభ బోస్టన్‌లో అంధుల పాఠశాల స్థాపనకు అనుమతినిచ్చింది. తరువాత పెర్కిన్స్ పాఠశాలగా ప్రసిద్ధి చెందినది ఇదే. దీని తొలి ధర్మకర్తలలో ఒకడైన ప్రెస్కాట్, 1830లో నార్త్ అమెరికన్ రివ్యూ పత్రికలో అంధుల విద్యను గురించి సుదీర్ఘ వ్యాసం వ్రాశాడు. సెర్వాంటిస్‌పై వ్యాసంతో పాటు ఇది కూడా 1845 నాటి వ్యాస సంపుటిలో చేరింది. శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ ఆధ్వర్యంలో 1832లో తరగతులు మొదలయ్యాయి. చూపు, వినికిడి రెండూ లేని లారా బ్రిడ్జ్‌మన్ 1837లో ఇక్కడ చేరి చదువుకుంది. హెలెన్ కెల్లర్ ఉపాధ్యాయిని ఆన్ సలివాన్ 1886లో చదువు ముగించినది కూడా ఈ పాఠశాలలోనే.

ప్రెస్కాట్‌కు ధనవంతుడైన తండ్రి, జీతానికి చదివి వినిపించేవారు, ఖరీదైన పుస్తకాలు ఉన్నాయి. ఈ వసతులేవీ లేని అంధులకు అటువంటి పాఠశాల ఒక్కటే ఆధారం.

మరణము

1858 ఫిబ్రవరిలో పక్షవాతానికి గురై కొంత కోలుకున్న ప్రెస్కాట్, మరుసటి సంవత్సరం జనవరి 28న అదే వ్యాధి తిరగబెట్టి బోస్టన్‌లో మరణించాడు. తన ఉపన్యాసాలతో స్పానిష్ సాహిత్యాన్ని పరిచయం చేసిన జార్జ్ టిక్నరే 1864లో ఇతడి జీవిత చరిత్రను ప్రచురించాడు.