వృక్షశాస్త్ర తపస్వి విలియం రాక్స్‌బరో

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో మామిడి, ఇప్ప చెట్ల కొమ్మలను నిదానించి చూచినవారికి ఒక వింత మొక్క కనిపిస్తుంది. దట్టమైన సన్నని ఆకులు, గాలిలో వ్రేలాడే తెల్లని లావు వేళ్ళు దాని లక్షణాలు. మన పల్లెలలో దానిని బదనిక అంటారు. కొమ్మలోనికి వేళ్ళు దించి, మామిడి రసాన్ని పీల్చి, చెట్టును కృశింపజేసే మరొక మొక్కను కూడా బదనిక అనే అంటారు. మొదటిది ఆర్కిడ్ జాతికి చెందిన నిరపరాధి, రెండవది పరాన్నభుక్కు. పేరు ఒకటే కావడంవల్ల తోట యజమాని కత్తి రెండింటిపైనా సమానంగా పడుతుంది. మొక్కను సరిగా గుర్తించడం పండితుల వినోదం మాత్రమే కాదనీ, ఆ మొక్క ప్రాణం దానిపై ఆధారపడి ఉంటుందనీ ఈ ఒక్క ఉదాహరణ చాటుతుంది. ఈ గుర్తింపు విద్యకు తెలుగునేలపై పునాది వేసినవారిలో అగ్రగణ్యులు డాక్టర్ విలియం రాక్స్‌బరో.

రాక్స్‌బరో 1751లో స్కాట్లండు దేశంలోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం అభ్యసించారు. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుడు లిన్నేయస్ వర్గీకరణ పద్ధతిని బోధిస్తుండేవారు. వైద్యానికి మూలికలు అవసరం కనుక ఆ రోజులలో వైద్యుడు వృక్షశాస్త్రజ్ఞుడు కూడా కావలసి ఉండేది. అయితే రాక్స్‌బరో విషయంలో అవసరంగా మొదలైన విద్య జీవితవ్రతంగా పరిణమించింది. 1776లో ఆయన ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసులో కొలువు చేరారు.

దక్షిణదేశంలో ఆయనకు లభించిన గొప్ప మిత్రుడు యోహాన్ గెరార్డ్ కోనిగ్. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషన్‌కు వైద్యుడుగా వచ్చారు. మిషన్ జీతం ఆయన పరిశోధనలకు చాలలేదు. ఆ సమయంలో ఆయనను ఆస్థాన ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమించి ఆదరించినవారు ఆర్కాటు నవాబు మహమ్మదాలీ ఖాన్ వాలాజా. ఈ దేశపు వృక్షశాస్త్ర చరిత్రలో ఒక నవాబు దర్బారుకు కూడా స్థానమున్నదని మన విద్యార్థులు గుర్తుంచుకొనదగినది. తరువాత 1778లో కోనిగ్ కంపెనీ కొలువులో చేరి, సయాం దేశం వరకు ప్రయాణించి, అక్కడి ఆర్కిడ్లను శ్రద్ధగా వర్ణించారు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో ఆయన కన్నుమూశారు. చివరి దినాలలో ఆయనకు చికిత్స చేసినవారు రాక్స్‌బరోయే.

1781 నుండి రాక్స్‌బరో నివాసం గోదావరి మండలంలోని సామర్లకోట. అక్కడ ఆయన ఒక తోట వేశారు. మిరియాలు, కాఫీ, చెరకు, మల్బరీ మొదలైనవి పెంచి చూచారు. రాజమహేంద్రవరం ఎగువ కొండలలో అడవి మిరియాల తీగను కనుగొన్నారు. అంకుడు చెట్టు ఆకు నుండి నీలిమందు తీసే విధానాన్ని పరిశోధించారు. ఈ పనులకు కంపెనీ ప్రోత్సాహమివ్వడంలో లాభాపేక్ష ఉన్నదనడం నిజం. కాని ఆయన దృష్టి అంతటితో ఆగలేదు. 1789 అనంతరం ఉత్తర సర్కారులను కరువు పీడించినపుడు, వానలు తప్పినా ఆహారమిచ్చే కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగా నాటించాలని ఆయన అధికారులకు విన్నవించారు. విఘ్నాలూ ఆయనకు తక్కువ కాలేదు. సముద్రతీరంలో వచ్చిన ఒక ఉప్పెన ఆయన తొలి సేకరణలను, పుస్తకాలను నాశనం చేసింది. ఆయన నిరుత్సాహపడక పనిని మళ్ళీ మొదలుపెట్టారు.

ఆర్కిడ్లను గుర్తించడం మిగిలిన మొక్కలను గుర్తించడం వంటిది కాదు. సంవత్సరంలో అధికభాగం వాటికి ఆకులే తప్ప పువ్వులుండవు. పువ్వును కాగితాల మధ్య ఎండబెడితే రంగు చెడుతుంది, ఆకారం నలిగిపోతుంది. అందువల్ల రాక్స్‌బరో జీవించి ఉన్న మొక్కను ఎదుట ఉంచుకొని, దేశీయ చిత్రకారులచేత సహజ పరిమాణంలో చిత్రాలు వ్రాయించారు. ఆకు, కాడ, వేరు, పువ్వు, పువ్వులోని ఒక్కొక్క భాగం వేరువేరుగా చిత్రింపబడేవి. వాటికి తోడు తన వర్ణన, స్థానికులు పిలిచే తెలుగు పేరు చేర్చేవారు. ఇట్టి చిత్రాలలో సుమారు 500 లండనుకు చేరగా, సర్ జోసెఫ్ బాంక్స్ వాటిలో 300 ఎంపిక చేశారు. కోరమాండల్ తీరపు మొక్కలు అనే పేరుతో అవి 1795 నుండి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడ్డాయి.

మొదటి సంపుటంలోని మూడు ఆర్కిడ్లు ఆయన చూపుకు చక్కని నిదర్శనాలు. చెట్లపై పెరిగే ఆర్కిడ్లను ఆనాడు ఎపిడెండ్రం అనే ఒకే ప్రజాతిలో చేర్చేవారు. మొదటిదానికి ఆయన పెట్టిన పేరు టెసెలేటం. దాని ఆకు మధ్య ఈనె వెంబడి మడతపడి దోనెవలె ఉంటుంది. కొన చిన్న పళ్ళుగా చీలి ఉంటుంది. పువ్వు పసుపుపై గోధుమరంగు గళ్ళతో గచ్చుపలకల నేలను తలపిస్తుంది. ఆ గళ్ళే దాని పేరుకు మూలం. రెండవది ప్రిమార్సం. ఆ లాటిన్ మాటకు కొన కొరికివేయబడినది అని అర్థం. దాని దళసరి ఆకు కొనను ఎవరో కొరికినట్లే ఉంటుంది. ఎర్రని అడ్డచారలు గల చిన్న పసుపు పువ్వులు పొట్టి గుత్తులుగా పూస్తాయి. మూడవది పెండ్యులం. కలబందవంటి మందపు ఆకుల క్రింద దాని పూలగెల వ్రేలాడుతుంది. పూరేకుల నడుమ ముదురు ఎరుపు చార దిగుతుంది. ఒక పేరు ఆకును, ఒకటి పువ్వును, ఒకటి గెలను పట్టుకొన్నాయి. ఏ మొక్కకు ఏది అసలైన గుర్తో కనిపెట్టడమే ఆయన ప్రజ్ఞ.

తెలుగు పేర్లపై ఆయన చూపిన శ్రద్ధ వృథా కాలేదు. మన సోమి చెట్టు బెరడు జ్వరహరమని విని, సింకోనాకు బదులు దానిని వాడవచ్చునా అని ఆయన పరీక్షించారు. ఆ చెట్టు ఈనాటి శాస్త్రనామమైన సోయమిడాలో తెలుగు మాటే నిలిచి ఉన్నది. అయితే ఆ పేర్లు చెప్పిన గ్రామీణులను, ఆ చిత్రాలు వ్రాసిన కళాకారులను లోకం మరచిపోయింది. రాక్స్‌బరో కీర్తిలో వారికి న్యాయంగా వాటా ఉన్నది.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి పర్యవేక్షకులుగా వెళ్ళారు. రెండు దశాబ్దాలు అక్కడ శ్రమించి 2,500కు పైగా చిత్రాలను సమకూర్చారు. ఆరోగ్యం క్షీణించగా 1813లో భారతదేశాన్ని విడిచి, 1815లో ఎడిన్‌బరోలో మరణించారు. ఆయన మహాగ్రంథం ఫ్లోరా ఇండికా ఆయన జీవించి ఉండగా వెలుగు చూడలేదు. విలియం కేరీ పూనికతో శ్రీరాంపురంలో 1820 నుండి అచ్చయింది.

అదే 1820లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త గళ్ళ పువ్వుల ఆర్కిడ్‌ను వాండా అనే ప్రజాతిలో చేర్చి, రాక్స్‌బరో గౌరవార్థం వాండా రాక్స్‌బర్గై అని నామకరణం చేశారు. వాండా సంస్కృతపు మాట, మన బదనికవంటిదే. కాని శాస్త్రనియమం ప్రకారం మొదట పెట్టిన పేరుకే ప్రాధాన్యం. కనుక ఆ మొక్క నేడు వాండా టెసెలేటాగా చెల్లుతున్నది. రాక్స్‌బరోకు గౌరవంగా ఇచ్చిన పేరును రాక్స్‌బరో 1795లో పెట్టిన పేరే తొలగించింది. వ్యక్తి కంటె సత్యమే పెద్దదని చెప్పే ఈ తీర్పు ఆయన జీవితానికి తగినట్లే ఉన్నది.

ప్రియ విద్యార్థులారా! భద్రాచలం అడవి అంచున మీకు తెలియని బదనిక ఎదురైతే దానిని పెరకవద్దు. వేళ్ళు గాలిలో వ్రేలాడుతున్నాయా, కొమ్మలోనికి చొచ్చుకొని పోయాయా చూడండి. గాలిలోని వేళ్ళు వాననీటిని, మంచును గ్రహించి బ్రతుకుతాయి. చెట్టును ఆసరాగా మాత్రమే అడుగుతాయి. పిమ్మట ఆకు మడతను, కొనను పరిశీలించండి. ఆకు అనుమానాన్ని కొంత తీరుస్తుంది. నిశ్చయానికి పువ్వు రావాలి. పూచేవరకు ఓపిక పట్టండి. మూడు రక్షకపత్రాలు, రెండు పూరేకులు, వాటి నడుమ పెదవివలె మారిన మూడవ రేకు కనిపిస్తే అది ఆర్కిడే. అక్కడి కోయ పెద్దలు దానిని ఏమంటారో, మీ ఇండ్లలో ఉర్దూలోనో తెలుగులోనో ఏమంటారో అడిగి వ్రాసుకొనండి. చెప్పినవారి పేరు కూడా వ్రాయండి. రాక్స్‌బరో కాలంలో జరగని ఆ న్యాయం మీ నోటుపుస్తకంలోనైనా జరగాలి.