గిల్బర్ట్ వాకర్

ధాత నామ సంవత్సరమైన 1876లో కర్నూలు, కడప జిల్లాల్లో వానలు ముఖం చాటేశాయి. జొన్న, కొర్ర చేలు మాడిపోయాయి, చెరువులు నెర్రెలు విచ్చాయి. మరుసటి యేడు నైరుతి ఋతుపవనం దేశమంతటా విఫలమైంది. పెద్దలు ధాత కరువుగా చెప్పుకొనే ఆ క్షామం తరువాత, 1881 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగోవంతు తగ్గినట్లు తేలింది. రాయలసీమ అనే పేరు అప్పటికింకా పుట్టలేదు, దత్తమండలాలనే వ్యవహారం.

వాన రానున్నదో లేదో ముందే తెలిస్తే ధాన్యం నిలువ చేసుకోవచ్చు, విత్తనం వృథా కాకుండా కాపాడుకోవచ్చు. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు ఆ భారం అప్పగింపబడింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచును బట్టి వర్షాలను అంచనా వేయ యత్నించారు. 1899లో మళ్ళీ ఘోరమైన అనావృష్టి దాపురించింది.

ఇటువంటి తరుణంలో 1904లో ఆ శాఖ పగ్గాలు చేపట్టినవారు గిల్బర్ట్ వాకర్. 1868లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో జన్మించిన ఆయన కేంబ్రిడ్జిలో గణితశాస్త్ర పరీక్షలో ప్రథముడిగా నిలిచారు. విసిరినవాని వద్దకే తిరిగివచ్చే బూమరాంగు ఎగిరే తీరును గణితంతో విశ్లేషించిన ఆయనకు వాతావరణ శాస్త్రంలో పూర్వానుభవం లేదు. అదే మేలైందేమో!

మేఘాల కారణాలను సిద్ధాంతాలతో వెదకుటకు బదులు ఆయన అంకెలను ఆశ్రయించారు. ప్రపంచం నలుమూలలనుండి వాయుపీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం, నదుల వరదల వివరాలు తెప్పించారు. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో గుమాస్తాలు ఏళ్ళ తరబడి చేతితో లెక్కలు కట్టారు. అసంఖ్యాకమైన అంకెలను జతపరిస్తే యాదృచ్ఛికంగా కొన్ని కలిసిపోతాయి. అట్టివాటిని నమ్మరాదని ఆయన ప్రత్యేక పరీక్షలు రూపొందించారు. గణాంకశాస్త్రంలో యూల్-వాకర్ సమీకరణాలు నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఇంత శ్రమకు దక్కిన ఫలం విచిత్రమైనది. పసిఫిక్ మహాసముద్రంపై పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రంపై తగ్గుతుంది, అటు తగ్గితే ఇటు పెరుగుతుంది. త్రాసు తట్టల వంటి ఈ ఊగిసలాటకు ఆయన దక్షిణ డోలనమని పేరిడినారు. అయితే ఋతుపవనానికి ముందు జరిగే మార్పులకన్నా తరువాత జరిగే వాటితోనే దానికి గాఢ సంబంధం కనబడింది. అనగా భారతదేశపు వానను ముందుగా చెప్పుటకు వచ్చినవారికి, ఆ వానను బట్టి ఇతర దేశాల వాతావరణాన్ని చెప్పే సూత్రం దొరికిందన్నమాట. ఆ డోలనానికి కారణమేమిటో ఆయన చెప్పలేకపోయారు. పలువురు శాస్త్రజ్ఞులు సందేహించారు.

1913లో మద్రాసు వచ్చినప్పుడు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న శ్రీనివాస రామానుజన్ గణితాన్ని చూసి, ఆయనకు ఉపకార వేతనమిమ్మని విశ్వవిద్యాలయానికి సిఫారసు చేసినదీ వాకరే. 1924లో పదవీ విరమణ చేసి లండనులో ఆచార్యత్వం నెరపిన ఆయన 1958 నవంబరులో కన్నుమూశారు. తొలి వాతావరణ ఉపగ్రహం టైరోస్-1 ఆకాశానికెగసినది 1960 ఏప్రిల్‌లో.

1969లో జాకబ్ బ్యెర్క్‌నెస్, పసిఫిక్ ఉపరితలం వేడెక్కే ఎల్ నినోకు, వాకర్ చెప్పిన డోలనానికి గల బంధాన్ని వివరించి, అక్కడి గాలుల ప్రసరణకు వాకర్ పేరు పెట్టారు. ధాత కరువు కాలంలోనూ పసిఫిక్‌లో తీవ్రమైన ఎల్ నినో నెలకొన్నదని శాస్త్రజ్ఞులు తరువాత గుర్తించారు. ఇప్పుడు ఉపగ్రహాలు సముద్రపు వేడిమిని, మబ్బుల కదలికను ఎడతెగక కొలుస్తున్నాయి. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాల్లో పైరు పచ్చదనాన్ని పరిశీలించి కరువు తీవ్రతను అంచనా వేసే పద్ధతులను రూపొందించింది.

అయినా ఈ బంధం తూచినట్లుగా నడవదు. 1997లో ఎల్ నినో అతి తీవ్రంగా ఉన్నా దేశంలో వర్షపాతం సాధారణంగానే నమోదైంది. 2002లో అది అంత బలంగా లేకున్నా జూలై నెలలో దేశమంతటా కురవవలసిన వానలో సగమైనా కురవలేదు.