అందరి పరుగు – ఫ్రెడ్ లెబో

పరుగు పందెం అనగానే మన కళ్ల ముందు మెదిలేది అందరికంటే ముందు గమ్యం చేరిన విజేత రూపం. రెండవ స్థానంలో నిలిచిన వారి పేరు కొందరికి గుర్తుంటుంది. మూడవ వారి పేరు పత్రికలో ఒక మూల కనిపిస్తుంది. పొద్దు వాలే వేళకు కాళ్లీడ్చుకుంటూ అందరికంటే చివర వచ్చే మనిషిని పట్టించుకునేవారు అరుదు. అటువంటి చివరి మనిషికి కూడా పరుగులో చోటుందని నమ్మి, ఆ చోటును ఒక మహానగరం నడిబొడ్డున ఏర్పాటు చేసిన వ్యక్తి ఫ్రెడ్ లెబో. ఆయన గొప్ప పరుగు వీరుడు కాదు. ఒలింపిక్ పతకమేదీ ఆయన మెడను అలంకరించలేదు. అయినా మారథాన్ చరిత్రలో ఆయన పేరు చెరగని ముద్ర వేసింది. తాను ఇతరుల కోసం తెరిచిన బాటలోనే ఒకనాడు తానూ రోగపీడితుడై, చివరి వరుసలో ఒకడిగా పరుగెత్తవలసి రావడం ఆయన జీవితంలోని విశేషం.

ఫ్రెడ్ లెబో 1932 జూన్ 3న రుమేనియా దేశంలోని ఆరాద్ పట్టణంలో ఒక సంప్రదాయ యూదు కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రుల ఏడుగురు సంతానంలో ఆయన ఆరవవారు. ఆయన అసలు పేరు ఫిషెల్ లెబోవిట్జ్. రెండవ ప్రపంచ యుద్ధం ఐరోపాను చుట్టుముట్టిన రోజులవి. యూదుల పాలిట అది మహా విపత్కాలం. లక్షలాది కుటుంబాలు సమూలంగా తుడిచిపెట్టుకుపోయిన ఆ మారణకాండ నుండి బాలుడైన ఫిషెల్ ప్రాణాలతో బయటపడ్డారు. యుద్ధం ముగిసిన తర్వాత చిన్న వయసులోనే స్వదేశం విడిచి, ఐరోపాలో కొంతకాలం గడిపి, చివరకు అమెరికా చేరుకున్నారు. అక్కడ పేరును ఫ్రెడ్ లెబోగా మార్చుకొని, న్యూయార్క్ నగరంలో దుస్తుల వ్యాపారంలో స్థిరపడ్డారు.

లెబో పరుగు ప్రారంభించింది పతకాల కోసం కాదు. ఆయనకు టెన్నిస్ ఆట అంటే ఇష్టం. ఆటలో త్వరగా అలసిపోతున్నందున దమ్ము పెంచుకోవాలని 1960ల చివరలో పరుగు మొదలుపెట్టారు. కొద్దికాలంలోనే టెన్నిస్ వెనుకబడింది, పరుగే మిగిలింది. ఆ రోజుల్లో వయసు వచ్చినవారు నిక్కరు తొడుక్కుని వీధుల్లో పరుగెత్తడం అమెరికాలో కూడా వింతగానే ఉండేది. పరుగు అనేది కళాశాల క్రీడాకారులకు, పోటీదారులకు చెందిన వ్యవహారమని జనం భావించేవారు. ఉద్యోగం చేసుకునేవారు, నడివయసు వారు, గృహిణులు కేవలం ఆరోగ్యం కోసమూ ఆనందం కోసమూ పరుగెత్తవచ్చునన్న ఆలోచన అప్పుడప్పుడే మొలకెత్తుతున్నది. లెబో న్యూయార్క్ రోడ్ రన్నర్స్ క్లబ్బులో సభ్యులుగా చేరారు. ఆ క్లబ్బు పరుగులు నగరంలో ఒక మూలన, చూసేవారు లేని చోట జరుగుతుండేవి. వాటిని నగరవాసులందరి కళ్ల ముందుకు తీసుకురావాలన్న తలంపు ఆయనలో కలిగింది.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల సుదీర్ఘమైన పరుగు. దానిని పూర్తి చేయాలంటే నెలల తరబడి సాధన కావాలి. 1970 సెప్టెంబరు 13న లెబో, ఆయన మిత్రుడు విన్సెంట్ షియపెట్టా కలిసి న్యూయార్క్ నగరం మధ్యనున్న సెంట్రల్ పార్కులో తొలి మారథాన్‌ను నిర్వహించారు. ప్రవేశ రుసుము ఒక డాలరు. 127 మంది పరుగు ప్రారంభించగా, 55 మంది మాత్రమే పూర్తి చేయగలిగారు. గ్యారీ ముర్కీ అనే అగ్నిమాపక దళ ఉద్యోగి మొదటి స్థానం పొందారు. పందేన్ని ఏర్పాటు చేసిన లెబో కూడా అందులో పరుగెత్తారు. 4 గంటల 12 నిమిషాలకు గమ్యం చేరి, 55 మందిలో 45వ స్థానంలో నిలిచారు. వెనుకబడినవారి శ్రమ ఎటువంటిదో ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఆయన వారిలో ఒకరు.

ఆ కాలంలో దూరపు పరుగులు స్త్రీల శరీరానికి తగవన్న అపోహ క్రీడా సంఘాల పెద్దలలో బలంగా ఉండేది. 1972లో న్యూయార్క్ మారథాన్‌లో స్త్రీలు పురుషులకంటే 10 నిమిషాల ముందు విడిగా బయలుదేరాలని జాతీయ క్రీడా సంఘం నిబంధన విధించింది. ఆ నిబంధనను ధిక్కరిస్తూ ఆరుగురు మహిళలు తమకు సంకేతం ఇచ్చిన తర్వాత కూడా కదలక, ప్రారంభ రేఖ వద్ద నేలపై కూర్చుండిపోయారు. 10 నిమిషాల అనంతరం పురుషులతో పాటు లేచి పరుగెత్తారు. అదే సంవత్సరం జూన్‌లో లెబో కేవలం మహిళల కోసం ఒక పరుగును నిర్వహించగా, 78 మంది పాల్గొన్నారు. ఇప్పుడు ఇది చిన్న సంఖ్యగా కనిపించవచ్చు. మహిళలు వీధిలో పరుగెత్తడమే విడ్డూరమనుకునే రోజుల్లో అది సాహసమే. ఆ సంవత్సరమే లెబో క్లబ్బు అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో ఆయన రెండు దశాబ్దాలకు పైగా కొనసాగారు.

1976 అమెరికా స్వాతంత్ర్యం పొంది 200 సంవత్సరాలు నిండిన సందర్భం. అప్పటికి న్యూయార్క్ నగరం ఆర్థికంగా చితికిపోయి, దివాలా అంచు వరకు వెళ్లి వచ్చింది. నగరమంటే నేరాలకు నిలయమన్న అపకీర్తి వ్యాపించింది. అటువంటి సమయంలో మారథాన్‌ను పార్కు దాటించి, నగరంలోని ఐదు విభాగాల గుండా నడపాలని జార్జ్ స్పిట్జ్ అనే నగరపాలక ఉద్యోగి ప్రతిపాదించారు. ఖర్చును, కష్టాన్ని తలచుకొని లెబో తొలుత వెనుకాడారు. ఒకసారి ఒప్పుకున్న తర్వాత మాత్రం ఆ పనికి తనను తాను అర్పించుకున్నారు. స్టాటెన్ ఐలాండ్ వద్ద వంతెనపై మొదలైన పరుగు బ్రూక్లిన్, క్వీన్స్, బ్రాంక్స్ ప్రాంతాలను తాకి మన్‌హటన్‌లోని సెంట్రల్ పార్కులో ముగిసింది. రెండు వేల మందికి పైగా పాల్గొన్నారు. ధనికుల వీధులు, పేదల వాడలు అన్న భేదం లేకుండా జనం ఇళ్ల ముందుకు వచ్చి, ముక్కూమొహం తెలియనివారిని ఉత్సాహపరిచారు. ఒకరినొకరు అనుమానంగా చూసుకునే నగరవాసులను ఒక్కరోజైనా ఒకే బాట పక్కన నిలబెట్టిన ఘనత ఆ పరుగుకు దక్కింది.

ఆ సంవత్సరమే డిక్ ట్రామ్ అనే వ్యక్తి కృత్రిమ కాలితో ఆ మారథాన్‌ను పూర్తి చేశారు. ప్రమాదంలో కాలు కోల్పోయిన మనిషి అంత దూరం పరుగెత్తడం చూసి జనం విస్తుపోయారు. అనంతరం 1983లో ట్రామ్ వికలాంగుల కోసం అకిలీస్ ట్రాక్ క్లబ్బును స్థాపించినప్పుడు లెబో అండగా నిలిచారు. 1986లో బాబ్ వీలాండ్ అనే మాజీ సైనికుడు న్యూయార్క్ మారథాన్‌లో పాల్గొన్నారు. వియత్నాం యుద్ధంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న ఆయన చేతులను నేలకు ఆనించి శరీరాన్ని ముందుకు జరుపుకుంటూ నాలుగు రోజులకు పైగా శ్రమించి గమ్యం చేరారు. ఇంత ఉదారత చూపిన లెబో కూడా అన్ని విషయాలలో ఒకే రీతిగా ఉన్నారని చెప్పలేము. చక్రాల కుర్చీలలో పాల్గొనదలచినవారికి ఆయన మొదట అడ్డు చెప్పారు. పరుగెత్తేవారికి ప్రమాదం కలుగుతుందని ఆయన భయం. ఆ వివాదం న్యాయస్థానం వరకు వెళ్లింది. చక్రాల కుర్చీల వారికి అధికారికంగా ప్రత్యేక విభాగం ఏర్పడింది లెబో మరణానంతరం, 2000లో. ద్వారం తెరిచినవారికి కూడా అది ఎంత వెడల్పుగా తెరవాలో ఒక్కసారిగా తెలియదనడానికి ఇది ఉదాహరణ.

1978లో నార్వేకు చెందిన గ్రేటె వైట్జ్ అనే ఉపాధ్యాయురాలిని లెబో న్యూయార్క్‌కు ఆహ్వానించారు. ఆమె అంతకుముందు ఎన్నడూ మారథాన్ పరుగెత్తలేదు. మొదట్లో వేగంగా పరుగెత్తి ఇతరులకు ఊపునిస్తే చాలునని ఆయన ఆశించారు. ఆమె ఏకంగా మొదటి స్థానం సాధించి, మహిళల మారథాన్‌లో అంతవరకు ఉన్న అత్యుత్తమ కాలాన్ని తిరగరాశారు. 1988 నాటికి ఆ మారథాన్‌లో తొమ్మిదిసార్లు విజేతగా నిలిచారు. లెబోతో ఆమెకు ఏర్పడిన స్నేహం జీవితాంతం కొనసాగింది. గడ్డం, తలపై చిన్న టోపీ, వ్యాయామ దుస్తులు, చేతి గడియారం వైపు చూపు, ఇదే న్యూయార్క్ వాసులకు పరిచితమైన లెబో రూపం. ఏటా మారథాన్ వేళ ఆయన వేలాదిమందికి స్వాగతం పలికేవారు. దేశదేశాలలో మారథాన్‌లు పరుగెత్తిన ఆయన, ఐదు విభాగాల గుండా సాగే తన సొంత మారథాన్‌లో మాత్రం పరుగెత్తలేదు. నిర్వహణ భారం ఆయనకు ఆ అవకాశం ఇవ్వలేదు.

1990 ఆరంభంలో లెబో అస్వస్థులయ్యారు. మెదడులో క్యాన్సర్ కణితి ఉన్నట్లు పరీక్షలలో బయటపడింది. ఆయనకు ఎక్కువ కాలం మిగిలి లేదని వైద్యులు భావించారు. అప్పటికి ఆయన వయసు 57 సంవత్సరాలు. చికిత్స ఆయనను బాగా నీరసింపజేసింది. మైళ్ల కొద్దీ అలవోకగా పరుగెత్తిన మనిషికి మంచం దిగి నాలుగడుగులు వేయడమే గగనమైంది. అయినా ఆయన ఆసుపత్రి వరండాలలో నడవడం మానలేదు. ఈ చివర నుండి ఆ చివరకు ఎన్నిసార్లు తిరిగితే ఒక మైలవుతుందో లెక్క కట్టుకొని నడిచేవారు. పరుగు ఆయన వ్యాధిని నయం చేయలేదు. ఆ పని చేయవలసింది వైద్యం. నిన్నటికంటే నేడు ఒక్క చుట్టు ఎక్కువ తిరిగానన్న తృప్తిని మాత్రం ఆ నడక ఆయనకు ఇచ్చింది. రోగిగా పడి ఉండడానికీ, రోగంతో కలిసి జీవించడానికీ మధ్యనున్న తేడా అదే.

చికిత్స ఫలించి వ్యాధి కొంతకాలం తగ్గుముఖం పట్టింది. లెబో నడక నుండి నెమ్మదిగా పరుగుకు మళ్లారు. 1992లో తనకు 60 సంవత్సరాలు నిండిన సందర్భంగా తన సొంత మారథాన్‌లో పరుగెత్తాలని నిశ్చయించుకున్నారు. క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు సేకరించడం కూడా ఆ పరుగు ఆశయాలలో ఒకటి. తోడుగా పరుగెత్తడానికి గ్రేటె వైట్జ్ ముందుకు వచ్చారు. నవంబరు 1న ఇద్దరూ బయలుదేరారు. ఆనాటి విజేత, దక్షిణాఫ్రికాకు చెందిన విల్లీ మ్టోలో 2 గంటల 9 నిమిషాలలో గమ్యం చేరుకున్నారు. అప్పటికి లెబో సగం దూరంలో కూడా లేరు. ఆయనను దాటుకుంటూ వేలాదిమంది ముందుకు సాగిపోయారు. వారందరికీ ఆ బాట వేసింది ఆయనే. వైట్జ్ తన సహజ వేగాన్ని అణచుకొని, ఆయన అడుగులో అడుగు వేసి నడిపించారు. తనకు అలవాటైన కాలానికి రెట్టింపు కంటే ఎక్కువసేపు ఆమె ఆ బాటలో ఉండవలసి వచ్చింది. వీధులకు ఇరువైపులా జనం లెబో పేరు పలుకుతూ ఆయనను ముందుకు నడిపారు. 5 గంటల 32 నిమిషాల పరుగు అనంతరం ఇద్దరూ కలిసి గమ్యరేఖ దాటి, ఒకరినొకరు హత్తుకొని కన్నీరు కార్చారు. 1970 నాటి కాలంతో పోలిస్తే లెబోకు గంటా ఇరవై నిమిషాలు అధికంగా పట్టింది. అయినా ఆయన జీవితంలోని పరుగులన్నింటిలో జనం తలచుకునేది దీనినే.

వ్యాధి మళ్లీ తిరగబెట్టింది. 1994 అక్టోబరు 9న లెబో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన ప్రారంభించిన మారథాన్ 25వ సారి జరగడానికి అప్పటికి నాలుగు వారాలే మిగిలి ఉంది. అభిమానులు ఆయన కంచు విగ్రహాన్ని సెంట్రల్ పార్కులో ప్రతిష్ఠించారు. టోపీ ధరించి, చేతి గడియారాన్ని చూసుకుంటున్న రూపం అది. ఏటా మారథాన్ వేళకు ఆ విగ్రహాన్ని గమ్యరేఖ సమీపానికి తరలించడం ఆనవాయితీ అయింది. గ్రేటె వైట్జ్ కూడా క్యాన్సర్‌తో పోరాడి 2011లో మరణించారు. 127 మందితో మొదలైన ఆ పరుగును 2019లో 53 వేల మందికి పైగా పూర్తి చేశారు. వారిలో పేరుమోసిన క్రీడాకారులు కొందరే. మోకాలి నొప్పులతో, గుండె జబ్బులతో, శస్త్రచికిత్సల మచ్చలతో తమ శక్తి మేరకు పరుగెత్తే సామాన్యులకు కూడా అటువంటి పరుగులలో చోటు ఉంది.

ఫ్రెడ్ లెబో జీవితం మనకు నేర్పే పాఠం ఒకటుంది. దేహానికి పరిమితులు ఉంటాయి. గాయం, వ్యాధి, వయసు ఎవరినీ విడిచిపెట్టవు. వాటిని లెక్కచేయకుండా దూకడం సాహసం కాదు, అవివేకం. వాటిని ఎరిగి, వైద్యుల సలహాను పాటించి, మిగిలిన శక్తితో మన అడుగు మనం వేయడమే అసలైన ధైర్యం. ఇతరులను ఓడించడానికి పరుగెత్తేవాడికి గెలుపు ఒక్కరోజే. నిన్నటి తనను దాటడానికి పరుగెత్తేవాడికి ప్రతి దినమూ ఒక గెలుపే. వెనుక వచ్చేవారి కోసం లెబో గమ్యద్వారాన్ని తెరిచి ఉంచారు. అవసరమైన నాడు ఆ ద్వారమే ఆయనకూ స్వాగతం పలికింది.