గోల్ఫ్ వీరుడు జె.హెచ్. టేలర్

ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధుని జీవితం రాయమని కార్యదర్శిగారు కోరారు. ప్రకాశం పంతులుగారి గురించి రాసేవారు చాలామంది ఉన్నారు గనుక, నేను గోల్ఫ్ ఆటగాడు జాన్ హెన్రీ టేలర్‌ను ఎంచుకున్నాను. బెజవాడ ఎండలో గొడుగు వేసుకు నడిచే మనకు గోల్ఫ్ ఎందుకని నవ్వకండి. ఆయన కూడా మనలాగే సంఘం మనిషి.

టేలర్ 1871 మార్చి 19న ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో, నార్థం గ్రామంలో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదకొండో ఏట బడి మాని, పక్కనే ఉన్న వెస్ట్‌వర్డ్ హో గోల్ఫ్ క్లబ్బులో దొరల సంచులు మోశాడు. ఒక దొర ఇంట్లో పనికి కుదిరాడు. తాపీమేస్త్రి కింద కూలి చేశాడు. సైన్యంలో చేరబోతే చూపు చాలదని తిప్పి పంపారు. చివరకు ఆ క్లబ్బులోనే మైదానం పచ్చిక చూసే పని దొరికింది. మన దివిసీమ తీరంలో పశువులు మేసే బీడును తలచుకోండి, అటువంటి ఉమ్మడి నేల అది. సముద్రపు గాలికి విరామం లేదు.

ఆ గాలే ఆయనకు గురువైంది. గోల్ఫ్‌లో ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేస్తే వారిదే గెలుపు. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. దూరం నుంచి బంతిని దాని మీదికి చేర్చే దెబ్బ అప్రోచ్ షాట్. గోలీలాటలో గుంత దాటిపోకుండా గోలీని ఆపే ఒడుపు వంటిదే. ఎత్తుగా కొడితే బంతిని గాలి ఎటో లాక్కుపోతుంది. అందుకని టేలర్ పాదాలు నేలకు గట్టిగా ఆనించి, మాషీ అనే ఇనుప కర్రను కొద్దిగా మాత్రమే వెనక్కి ఎత్తి, బిగించి కొట్టేవాడు. కర్ర ముందు బంతిని తాకి, తరువాతే నేలను గీరుకునేది. బంతి తక్కువ ఎత్తులో పోయి, గ్రీన్ మీద పడి, ఎక్కువ దొర్లకుండా ఆగేది. జనం చప్పట్లు దూరం కొట్టేవాడికే గానీ, దెబ్బల లెక్క తగ్గేది ఇక్కడే.

1894లో శాండ్‌విచ్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. తిరిగి 1895, 1900, 1909, 1913లలో గెలిచాడు. చివరిది హోయ్‌లేక్‌లో, గాలివానలో, ఎనిమిది దెబ్బల తేడాతో!

ఆ రోజుల్లో ఆటే జీవనమైనవాడు క్లబ్బుకు నౌకరు. చాలాచోట్ల సభ్యుల గదుల్లోకి ప్రవేశం లేదు. బంతులు, కర్రలు అమ్ముకునే కొట్టును కూడా కొన్ని క్లబ్బులు వేలానికి పెట్టసాగాయి. అప్పటికే మూడుసార్లు ఛాంపియన్ అయిన టేలర్‌కు దానివల్ల నష్టమేమీ లేదు. అయినా 1901లో తోటివారిని కూడగట్టి సంఘం స్థాపించి, తొలి అధ్యక్షుడయ్యాడు. కష్టాల్లో ఉన్న సభ్యులకు సహాయనిధి దాని ఆశయాల్లో ఒకటి. చందా రశీదులు రాసి అరిగిన నా చేతికి ఈ సంగతి రాయటం ఎంతో ముచ్చటగా ఉంది. క్లబ్బుల్లో చేరే స్తోమత లేనివారి కోసం 1923లో లండన్ రిచ్‌మండ్ పార్కులో తెరిచిన ప్రజా మైదానం వెనుక కూడా ఆయన కృషి ఉంది.

రాయల్ మిడ్ సర్రే క్లబ్బులో 1899 నుంచి 1946 దాకా కొలువు చేసి, డెబ్బై అయిదో ఏట విరమించాడు. మనం యాభై ఎనిమిదికే దిగిపోయాం! తరువాత సొంత ఊరు చేరాడు. 1957లో, తాను సంచులు మోసిన ఆ క్లబ్బే ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకుంది. 1963 ఫిబ్రవరి 10న, తొంభై ఒకటో ఏట, నార్థంలోనే కన్నుమూశాడు.