కుమారి మార్గరెట్ మెక్మిలన్

పలువురు పిల్లలు ఒకచోట గూడి ఆడుకొనుట, చదువుకొనుట, పంక్తిని గూర్చుండి భుజించుట చూడ ముచ్చటగా నుండును. కాని యొక బిడ్డకు వచ్చిన జబ్బు పదిమందికి ప్రాకుటకును అట్టి కూటమియే త్రోవ యగును. అందుచేత పిల్లలను ఒకచోట జేర్చుట మానవలయునా? మానక, జబ్బు ప్రాకకుండ చేయుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో తన జీవితమును ధారవోసిన యొక స్త్రీ చరిత్రమును మా బాలబాలికలకును, వారి తల్లిదండ్రులకును సంగ్రహముగా దెలుప దలచితిమి. ఆమె పేరు మార్గరెట్ మెక్మిలన్.

ఈమె 1860వ సంవత్సరము జూలై నెలలో అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రమందు జన్మించెను. తల్లిదండ్రులు స్కాట్లండు దేశమునుండి వలస వెళ్లినవారు. రేచల్ అను అక్క ఈమెకంటె ఇంచుమించుగా నొక యేడు పెద్దది. 1865లో ఆ కుటుంబమున స్కార్లెటు జ్వరము ప్రవేశించెను. ఆ యేటనే తండ్రియు, ఎలిజబెత్తు అను చిన్న చెల్లెలును మృతి నొందిరి. మార్గరెట్ ప్రాణముతో బయటపడెను గాని, ఆమెకు చెవుడు వచ్చెను. మరల వినికిడి కలుగునప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు వచ్చెను. వితంతువైన తల్లి మిగిలిన బిడ్డల నిద్దరిని వెంటబెట్టుకొని స్కాట్లండులోని ఇన్వర్నెస్ పట్టణమునకు, తన పుట్టినింటికి, చేరెను. అంటువ్యాధి యొక యింటినెట్లు పాడుచేయునో మార్గరెట్ పుస్తకములవలన నేర్చుకొన్నది కాదు.

పెరిగి పెద్దవారైన పిమ్మట అక్కచెల్లెండ్రిద్దరును బీదల సేవకు బూనుకొనిరి. 1893లో మార్గరెట్ ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు పట్టణమునకు బోయెను. అది ఉన్ని మిల్లులకు ప్రసిద్ధి కెక్కిన యూరు. అచ్చటి పేదపిల్లలలో ననేకులు దినములో సగము మిల్లులో పనిచేసి, తక్కిన సగము బడిలో గూర్చుండువారు. అలసిన బిడ్డలకు చదువెట్లు వచ్చును? దేహము మురికి, బట్టలు మురికి, కడుపు ఖాళీ. 1894లో మార్గరెట్ ఆ పట్టణపు పాఠశాలల బోర్డునకు సభ్యురాలుగా నెన్నుకొనబడెను. ఆమెయు, ఆమె తోడివారును చేసిన కృషివలన 1897లో వాపింగ్ పాఠశాలలో పిల్లలకు స్నానపు గదులు ఏర్పడెను. బడిలో స్నానమేమని నవ్వినవారు కలరు. ఆమె వారిని లెక్కచేయలేదు. పాఠశాలల వైద్యుడైన జేమ్సు కెర్ గారితో గలిసి పిల్లల దేహపరీక్షకై కూడ పాటుపడెను. బీదపిల్లలకు బడిలో భోజనము పెట్టుటకు వీలు కల్పించిన చట్టము 1906లోను, పిల్లలకు వైద్యపరీక్ష జరుగవలయునను చట్టము 1907లోను బ్రిటనులో వెలువడెను. వీనికై పోరాడినవారిలో ఈమె ముఖ్యురాలు.

పరీక్షచేసి జబ్బు కనిపెట్టిన మాత్రమున జబ్బు పోదు గదా! మందిచ్చువారు కావలయును. జోసఫ్ ఫెల్సు అను ధనికుని సాయముతో అక్కచెల్లెండ్రు 1908లో లండనులోని బో అను ప్రదేశమున పిల్లలకొక వైద్యశాలను తెరచిరి. 1910లో డెట్‌ఫర్డు అను పేటకు ఆ పనిని మార్చిరి. అది థేమ్సు నదియొడ్డున నున్న మిక్కిలి బీదపేట. పండ్లు పుచ్చినవారు, కన్నులు వాచినవారు, చెవినుండి చీము కారువారు, చర్మరోగములు గలవారు ఎందరో బిడ్డలు అచ్చటికి వచ్చి బాగుపడి పోవుచుండిరి. కాని కొన్నినాళ్లకు ఆ బిడ్డలే ఆ జబ్బులతోనే తిరిగి వచ్చుచుండిరి.

ఇదియేల? వైద్యము మంచిదే. కాని బాగుపడిన బిడ్డ తిరిగి పోవునది ఇరుకైన యింటికి. గాలి రాని గదిలో పలువురు ఒకే పడకమీద నిద్రించుచుండిరి. కడుగుకొనుటకు నీరు చాలదు. మందు జబ్బును దీర్చుచుండెను. ఇల్లు దానిని మరల దెచ్చుచుండెను. ఈ సంగతి గ్రహించిన తరువాత వారు ఇట్టి జబ్బులు రాకుండ చేయు స్థలమొకటి యుండవలయునని తలచిరి.

1911లో డెట్‌ఫర్డులోనే ఆరుబయట బాలికలకొక రాత్రి శిబిరమును నెలకొల్పిరి. సాయంకాలమున బాలికలు వచ్చి, స్నానముచేసి, తోటలో పడకలమీద నిద్రించి, ఉదయమున ఫలాహారము చేసి బడికి పోవుచుండిరి. పిమ్మట బాలురకును అట్టి శిబిరము ఏర్పడెను. 1914లో బడియీడు రాని పసిబిడ్డలకు పగటి శిబిరమును ప్రారంభించిరి. పెద్ద భవనములు లేవు. తోటవైపు తెరచియున్న పాకలు, పూలమొక్కలు, కూరగాయల మడులు మాత్రముండెను. ఉదయమున వచ్చిన బిడ్డకు స్నానము, శుభ్రమైన బట్టలు, వేళకు భోజనము, మధ్యాహ్నము ఆరుబయట నిద్ర నియమముగా జరుగుచుండెను.

రేచల్ ఈ పసిపిల్లల శిబిరమును ముఖ్యముగా చూచుచుండెను. ఆమె అంతకు పూర్వము కెంటు మండలములో ఊరూరు దిరిగి ఆరోగ్యసూత్రములు బోధించినది. శిబిరములో ముప్పదిమంది బిడ్డలు చేరిరి. మొదటి ఆరు నెలలలో జబ్బుపడిన బిడ్డ యొక్కటియే. ఆ జబ్బు తట్టు. తట్టు వచ్చిన బిడ్డ దగ్గినను తుమ్మినను ఆ జబ్బు గాలితో వ్యాపించును. ఒళ్లు పేలుటకు నాలుగు దినములు ముందునుండియే ఇతరులకు అంటును. బిడ్డ పోయిన తరువాత కూడ మూసిన గదిలోని గాలియందు రెండు గంటలవరకు నిలిచియుండును. ఆ కాలమున దీనికి టీకా లేదు. అది 1963లో గాని రాలేదు. అయినను రేచల్ తీసికొనిన జాగ్రత్తవలన అచ్చటి తక్కిన బిడ్డలలో నొక్కరికిని తట్టు సోకలేదు.

ఇంతలో ఐరోపాలో మహాయుద్ధము వచ్చెను. తల్లులు మందుగుండు కర్మాగారములకు పనికి బోవగా వారి బిడ్డలకు ఈ శిబిరమే నీడయయ్యెను. పనిభారమువలన రేచల్ ఆరోగ్యము చెడి, 1917 మార్చి 25వ తేదీని, తన జన్మదినముననే, పరలోకగతురాలయ్యెను. చిన్ననాటినుండి ఎడబాయని అక్క పోయినను మార్గరెట్ పని విడువలేదు. ఆ పాఠశాలకు అక్క పేరే పెట్టి నడపెను. ఉపాధ్యాయినులకు శిక్షణ నిచ్చుటకై 1930లో డెట్‌ఫర్డులో తెరువబడిన కళాశాలకును రేచల్ పేరే యుంచబడెను. మరుసటి యేడు, 1931 మార్చిలో, మార్గరెట్ తన డెబ్బదియవ యేట మరణించెను.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించిన దొక్కటి. జబ్బును కుదుర్చుట వైద్యుని పని. అది ప్రాకకుండ చేయుట మనయందరి పని. ఇప్పుడు తట్టునకు టీకా కలదు. దానిని వేయించుట తల్లిదండ్రుల మొదటి విధి. జ్వరము వచ్చిన బిడ్డకు ఒక మాత్ర మ్రింగించి, హాజరు పోవునని బడికిగాని వేసవి శిబిరమునకుగాని పంపుట తగదు. ఆ యొక దినపు హాజరుకొరకు పంక్తిలోని పదిమంది పడక పట్టవచ్చును. ఉపాధ్యాయులు గది కిటికీలు తెరచి యుంచవలయును. జబ్బుపడినవానిని మందలింపక వేరుగా బరుండబెట్టి ఇంటికి కబురు పంపవలయును. బాలబాలికలారా! మీ తువాలును, మీ దువ్వెనను, మీ గ్లాసును ఇతరులకు ఇయ్యకుడు, ఇతరులవి కోరకుడు. భోజనమునకు ముందును, మరుగుదొడ్డికి బోయివచ్చిన వెంటనేయు సబ్బుతో చేతులు కడుగుకొనుడు. దగ్గునప్పుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుడు.

ఇవి చిన్న పనులు. డెట్‌ఫర్డు శిబిరములో ధనము కొద్ది, స్థలము కొద్ది. అచ్చటి బిడ్డలను కాపాడినవి ఇట్టి చిన్న పనులే. మన పాఠశాలలోను, వసతిగృహములోను అవి ప్రతిదినము జరుగుగాక యని కోరుచున్నాము.